విదేశీ విహార నౌక ఎక్కాలంటే.. పేరు, వీసా, వేళ ముందే సరిచూసుకోవాలి

మార్కాపురం పలక దశాబ్దాల కిందటే ఓడలెక్కి సముద్రాలు దాటింది. ఆ రాతిని తవ్విన, కోసిన, చట్రం బిగించిన చేతులకు మాత్రం సముద్రమంటే కొత్తపట్నం తీరాన చేసే కార్తీక స్నానమే. ఇప్పుడు పరిస్థితి మారింది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల నుంచి బెంగళూరు, హైదరాబాదు, సింగపూరు, అమెరికా చేరి స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను విహార నౌకల్లో తిప్పి చూపాలని ముచ్చట పడుతున్నారు. ముచ్చట మంచిదే. అయితే టిక్కెట్టు కొన్నంత మాత్రాన ఓడ ఎక్కినట్లు కాదు. బస్సు తప్పితే మరో బస్సు దొరుకుతుంది. ఓడ తప్పితే ఆ యాత్ర అక్కడితో సరి. పత్రాలు సరిగా లేక రేవు ద్వారం వద్ద ఆగిపోయిన ప్రయాణికుడికి సొమ్ము తిరిగి ఇవ్వనవసరం లేదని నౌకా సంస్థల నిబంధనల్లోనే రాసి ఉంటుంది. ఈ నేపథ్యంలో విదేశీ నౌకాయానానికి సిద్ధమయ్యేవారు తెలుసుకోవలసిన విషయాలివి.

ఏ రేవు నుంచి ఏ ఓడ

మన తీరంలో విహార నౌకల రాకపోకలు ఇటీవలి ముచ్చటే. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ నౌక విశాఖపట్నం వచ్చినప్పుడు జనం రేవుకు వెళ్లి చూశారు. విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అదే సంవత్సరం జూన్ 5న చెన్నై నుంచి శ్రీలంకకు ఎంప్రెస్ నౌక అంతర్జాతీయ యాత్రను కేంద్ర నౌకాయాన మంత్రి శర్బానంద సోనోవాల్ జెండా ఊపి ప్రారంభించారు. హంబన్‌టోట, ట్రింకోమలీ, కంకేసంతురై రేవులను ఆ యాత్రలో చేర్చారు. ఇలాంటి యాత్రలు ఏడాది పొడవునా సాగవు. రుతువును బట్టి ఓడలు తీరం మార్చుకుంటాయి. కనుక నిరుడు వెళ్లినవారి మాట విని ఈ ఏడూ అదే ఓడ ఉంటుందని అనుకోరాదు.

తెలుగువారు ఎక్కువగా ఎంచుకునేది సింగపూరు. అక్కడి మెరీనా బే, హార్బర్‌ఫ్రంట్ రేవుల నుంచి మలేసియా, థాయిలాండ్ దిశగా మూడు, నాలుగు రాత్రుల యాత్రలు నడుస్తాయి. చలికాలంలో దుబాయి నుంచి గల్ఫ్ రేవులకు వెళ్లేవి మరికొన్ని. అమెరికాలో ఉన్న పిల్లల వద్దకు వెళ్లిన పెద్దలు అలాస్కా, బహమాస్ ఓడలెక్కుతున్నారు. ఒక్కో దారికి ఒక్కో చిక్కు ఉంది.

దేశం దాటని యాత్రలకు, అంటే ఒక భారతీయ రేవు నుంచి మరో భారతీయ రేవుకు వెళ్లే ఓడలకు, సాధారణంగా ఆధార్ వంటి గుర్తింపు పత్రం చాలు. ఓడ ఒక్క విదేశీ రేవును తాకినా పాస్‌పోర్టు తప్పనిసరి.

ఇంటిపేరు దగ్గరే మొదటి చిక్కు

మన ప్రాంతం నుంచి వెళ్లేవారి పత్రాల్లో తరచూ కనిపించే లోపం పేరులోనే ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్ కార్డులో పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో చివరన ఉంటుంది. లక్ష్మి అనే పేరునే ఇంగ్లిషులో ఒకచోట ఎక్స్ అక్షరంతో, మరొకచోట కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తారు. ఊళ్లో ఇవన్నీ ఒకే మనిషివని అందరికీ తెలుసు. సింగపూరు రేవులో కూర్చున్న ఉద్యోగికి తెలియదు. అతనికి పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే ప్రమాణం. వీసా, విమానం టిక్కెట్టు, ఓడ టిక్కెట్టు, బీమా పత్రం నాలుగింటిలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే, అదే వరుసలో ఉండాలి.

పెళ్లయిన తర్వాత ఇంటిపేరు మారిన స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, టిక్కెట్టులో అత్తింటి పేరు ఉంటే కుదరదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకున్నవారూ ఎందరో ఉన్నారు. ఇలాంటి ఒంటి పేరు పాస్‌పోర్టులపై పర్యాటక వీసాలు ఇవ్వబోమని, వాటితో వచ్చేవారిని అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. అమెరికా వీసాలోనైతే అసలు పేరు స్థానంలో తెలియదన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అన్న అక్షరాలు అచ్చవుతాయి. యాత్ర ఖాయం చేసుకోకముందే ఇంటిపేరు విడదీయించి పాస్‌పోర్టు తిరిగి తీసుకోవడం మేలు.

పుట్టిన తేదీ మరో సమస్య. పాతకాలం పెద్దల ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉండటం, బడిలో రాయించిన తేదీ వేరుగా ఉండటం మామూలే. ఏదో ఒక తేదీకి అన్ని పత్రాలనూ సరిదిద్దుకున్న తర్వాతే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయాలి. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే పుట్టిన తేదీకి రుజువుగా చెల్లుతుంది. పురపాలక సంఘం లేదా పంచాయతీ నుంచి దానిని ముందుగానే తీసుకోవాలి.

పశ్చిమ ప్రకాశం విజయవాడ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోకి వస్తుంది. దరఖాస్తు, రుసుము చెల్లింపు, తేదీ ఎంపిక అన్నీ ఆన్‌లైన్‌లోనే. పెద్దలకు 36 పేజీల పాస్‌పోర్టు రుసుము రూ.1,500. తత్కాల్ అయితే మరో రూ.2,000 అదనం. పోలీసు విచారణకు వచ్చే వేళకు దరఖాస్తుదారుడు చిరునామాలో ఉండాలి. పేరుకు ఊళ్లో చిరునామా ఇచ్చి, మనిషి బెంగళూరులో పనిలో ఉండటం వల్ల విచారణ నివేదిక ఆగిపోతుంటుంది.

పాస్‌పోర్టు ఉన్నవారు గడువు చూసుకోవాలి. యాత్ర ముగిసే నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలన్నది అత్యధిక నౌకా సంస్థల నియమం. చిన్నపిల్లల పాస్‌పోర్టు గడువు సాధారణంగా అయిదేళ్లే. తల్లిదండ్రులవి చూసుకుని పిల్లలవి మరిచేవారున్నారు.

పదో తరగతి పాసవని కొందరి పాస్‌పోర్టుపై ఈసీఆర్ ముద్ర ఉంటుంది. గల్ఫ్‌కు పనికి వెళ్లినవారి ఇళ్లలో ఈ మాట వింటేనే కంగారు పడతారు. ఆ అనుమతి ఉద్యోగానికి వెళ్లేవారికే అవసరం, విహారయాత్రకు కాదు. తిరుగు ప్రయాణం టిక్కెట్టు, ఓడ బుకింగు పత్రం చేతిలో ఉంచుకుంటే చాలు.

రెండోసారి ప్రవేశం: అందరూ మరిచే వీసా

సింగపూరులో దిగుతారు. అది మొదటి ప్రవేశం. మర్నాడు ఓడ ఎక్కి మలేసియా వెళ్లి, నాలుగో రోజు మళ్లీ సింగపూరులోనే దిగుతారు. అది రెండో ప్రవేశం. వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చినదైతే తిరిగి దిగడానికి వీలుండదు కనుక అసలు ఓడనే ఎక్కనివ్వరు. కాబట్టి వీసా చేతికి రాగానే ‘మల్టిపుల్’ అని ఉన్నదీ లేనిదీ చూడాలి. దుబాయి యాత్రకూ ఇదే సూత్రం. ఐరోపా ఓడ మధ్యలో బ్రిటన్‌కో, తుర్కియేకో వెళ్లి వస్తుందంటే షెంగెన్ వీసా కూడా పలుమార్లు ప్రవేశానికి వీలున్నదై ఉండాలి.

భారతీయులు సింగపూరు వీసాకు అధీకృత ఏజెంట్ల ద్వారా గానీ, సింగపూరులో ఉన్న బంధువుల ద్వారా గానీ దరఖాస్తు చేయవచ్చు. అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల లోపు రాక పత్రాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. దీనికి రుసుము లేదు. సొమ్ము అడిగే వెబ్‌సైట్లను నమ్మరాదు. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయ పర్యాటకులకు వీసా మినహాయింపు ఇచ్చింది. ఇలాంటి మినహాయింపులు గడువు పెట్టి ఇచ్చేవి. ప్రయాణం నాటికి అమలులో ఉన్నదీ లేనిదీ ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్లో చూసుకోవాలి. రేవులో దిగకుండా ఓడలోనే కూర్చుంటామన్నా ఆ దేశపు వీసా ఉండాలని సంస్థలు పట్టుబడుతుంటాయి.

అలాస్కా సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సియాటిల్ నుంచి అలాస్కాకు ఓడ వెళ్తుందంటే అంతా అమెరికానే కదా, అమెరికా వీసా ఉంది కదా అనుకుంటారు. విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పరాదని 1886 నాటి చట్టం ఒకటి చెబుతోంది. అందుకే ఆ ఓడలు దారిలో కెనడాలోని విక్టోరియా వంటి రేవును తాకి వస్తాయి. అక్కడ ఆగేది కొన్ని గంటలే అయినా భారతీయ పాస్‌పోర్టుతో సందర్శకులుగా వెళ్లినవారికి కెనడా వీసా కావాలి. కొడుకుకు గ్రీన్‌కార్డు ఉంటే అతనికి ఆ వీసా అక్కర్లేదు, తల్లిదండ్రులకు కావాలి. పిల్లలు తమ బుకింగు తేలిగ్గా అయిపోయిందని పెద్దల సంగతి చూడకపోవడం వల్ల చివరి వారంలో పరుగులు తీయాల్సి వస్తుంది. అక్కడ చదువుకునే విద్యార్థులు, పనిచేసేవారు తమ వీసా ముద్ర గడువు తీరి ఉంటే ఓడ ఎక్కే ముందే విశ్వవిద్యాలయ కార్యాలయాన్నో, న్యాయవాదినో సంప్రదించాలి. దేశం దాటాక తిరిగి రావడం వేరే సంగతి.

నల్లమల దారి రాత్రి మూత

విమానం, ఓడ ఒకే రోజున పెట్టుకోరాదు. ఓడ బయలుదేరే రేవు ఉన్న నగరానికి ఒక రోజు ముందే చేరి బస చేయాలి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు. ఎక్కే ద్వారాన్ని ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు.

మన ప్రాంతం నుంచి విమానాశ్రయం చేరడమే సగం యాత్ర. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్లలో ఆగే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఒకవైపు బెంగళూరుకు, మరోవైపు గుంటూరు, విజయవాడ మీదుగా విశాఖకు తీసుకెళ్తుంది. చెన్నై వెళ్లేవారు బస్సులో ఒంగోలు చేరి అక్కడ రైలెక్కడం ఆనవాయితీ. హైదరాబాదుకు కారులో వెళ్లేవారు మాత్రం దోర్నాల, శ్రీశైలం దారిని నమ్ముకోరాదు. పులుల అభయారణ్యం కావడంతో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అటవీ శాఖ ఆ ఘాట్ రోడ్డులో వాహనాలను నిలిపివేస్తుంది. తెల్లవారుజామున విమానం ఉన్నవారు సాయంత్రమే అడవి దాటాలి, లేదా యర్రగొండపాలెం, మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా వెళ్లాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం. ఆ నెలల్లో ఓడ ఒక రేవును వదిలేసి మరో రేవుకు వెళ్లవచ్చు, అసలు బయలుదేరకపోనూ వచ్చు. దారి మార్చే హక్కు కెప్టెన్‌కు ఉంటుంది.

పెద్దల ఆరోగ్యం

ఫ్లోరైడ్ నీటి ప్రభావంతో మోకాళ్లు, నడుము బిగుసుకుపోయిన పెద్దలు పశ్చిమ ప్రాంత గ్రామాల్లో ఇంటింటా కనిపిస్తారు. పెద్ద ఓడ అంటే పదంతస్తుల పైబడిన భవనం. గది నుంచి భోజనశాలకే వందల అడుగులు నడవాలి. చక్రాల కుర్చీ కావాలని బుకింగు సమయంలోనే చెప్పాలి. రేవులో ఇచ్చే కుర్చీ ఓడ లోపలి వరకే. యాత్ర అంతా కావాలంటే సొంతంగా తెచ్చుకోవాలి, లేదా ముందే అద్దెకు మాట్లాడుకోవాలి. కొన్ని చోట్ల లోతు చాలక పెద్ద ఓడ రేవును ఆనదు. ప్రయాణికులను చిన్న పడవల్లోకి దింపి ఒడ్డుకు చేరుస్తారు. అలాంటి చోట నడవలేనివారు దిగడం కష్టం.

మూత్రపిండాల వ్యాధితో డయాలసిస్ చేయించుకునేవారికి కనిగిరి, పొదిలి వైపు కొదవ లేదు. మామూలు విహార నౌకల్లో ఆ సౌకర్యం ఉండదు. రెండు డయాలసిస్‌ల మధ్య సరిపోయే చిన్న యాత్ర అనుకున్నా, తుపాను వచ్చి ఓడ ఒక రోజు ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివారిని తీసుకెళ్లాలన్న ముచ్చటను మానుకోవడమే ఉచితం. గర్భిణులను 24వ వారం దాటాక చాలా సంస్థలు అనుమతించవు. యాత్ర ముగిసే నాటికి లెక్క చూస్తారు. ఆరు నెలల లోపు పసిబిడ్డలనూ ఎక్కించుకోరు.

రక్తపోటు, మధుమేహం మాత్రలను కాగితపు పొట్లంలో కట్టుకుని వెళ్లడం మన ఊళ్ల అలవాటు. విదేశంలో ఇది పనికిరాదు. మాత్రలు కంపెనీ అట్టలోనే ఉండాలి. మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లిషులో రాసిన వైద్యుని చీటీ వెంట ఉండాలి. యాత్ర రోజుల కంటే వారం ఎక్కువకు సరిపడా తీసుకుని, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. ట్రమడాల్, కోడీన్, అల్ప్రాజోలం వంటి నొప్పి, దగ్గు, నిద్ర మందులపై సింగపూరు, యూఏఈల్లో కఠిన నియంత్రణ ఉంది. ముందస్తు అనుమతి అవసరమా అన్నది ఆ దేశ ఆరోగ్య శాఖ వెబ్‌సైట్లో చూడాలి.

ఓడలో వైద్యుడు ఉంటాడు. ఫీజు మాత్రం డాలర్లలో ఉంటుంది. పరిస్థితి విషమిస్తే హెలికాప్టరులో తరలించే ఖర్చు లక్షలు దాటుతుంది. పాత జబ్బులకు కూడా వర్తించే ప్రయాణ బీమాను అడిగి తీసుకోవాలి. ఆరోగ్యశ్రీ విదేశంలో చెల్లదు. కడుపులో తిప్పే లక్షణం ఉన్నవారు ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో గది కోరితే ఊపు తక్కువగా తెలుస్తుంది.

పెట్టెలో గసగసాలు వద్దు

మసాలా పొడిలో గసగసాలు కలపని ఇల్లు అరుదు. సింగపూరు, యూఏఈల్లో గసగసాలు నిషిద్ధ వస్తువు. మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. మాంసం కూర మసాలా పొట్లం ఇంట్లో కొట్టినదైతే అందులో ఏమున్నదో గుర్తు చేసుకోవాలి. గుట్కా, ఖైనీ వంటి నమిలే పొగాకును సింగపూరు నిషేధించింది. చూయింగ్ గమ్‌ను కూడా తీసుకెళ్లనివ్వరు.

ఇంట్లో వండిన పదార్థాలను ఓడలోకి అనుమతించరు. కంపెనీ ముద్ర చెదరని పొట్లాలను కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి. పచ్చళ్ల సీసాను విమానంలో చేతి సంచిలో పెట్టరాదు. శాకాహారం, జైన భోజనం కావాలంటే బుకింగులోనే నమోదు చేయించాలి. సింగపూరు ఓడల్లో భారతీయ వంటకాలు దొరుకుతాయి కాబట్టి అన్నం దొరకదన్న బెంగ అక్కర్లేదు. పెరుగు, ఆవకాయ మన రుచిలో ఉండకపోవచ్చు.

ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్, కొవ్వొత్తులు ఓడల్లో నిషేధం. గదిలో హారతి కర్పూరం, అగరుబత్తి వెలిగించరాదు. సముద్రం మధ్యలో అగ్నిప్రమాదాన్ని మించిన భయం నావికుడికి లేదు. పూజ చేసుకునేవారు పూలు, శ్లోకాలతో సరిపెట్టుకోవాలి.

సొమ్ము, ఫోను

మన రూపాయలు ఒక్కొక్కరు రూ.25,000 వరకే వెంట తీసుకెళ్లవచ్చు. విదేశీ నగదు సాధారణంగా 3,000 డాలర్లకు మించరాదు. మిగతాది కార్డులో వేయించుకోవాలి. ఓడలో నగదు నడవదు. గది తాళంగా పనిచేసే కార్డుపైనే ఖర్చు రాసుకుని చివరిరోజు వసూలు చేస్తారు. ఫోన్‌పే, గూగుల్‌పే ఉన్నాయి కదా అని వెళ్లరాదు. సేవా రుసుము పేరిట రోజుకు మనిషికి ఇంత అని విడిగా పడుతుంది. ప్యాకేజీ ధరలో అది కలిసిందో లేదో అడగాలి. విదేశీ యాత్రపై ఏజెంటు వసూలు చేసే టీసీఎస్ ఆదాయపు పన్ను రిటర్నులో లెక్కకు వస్తుంది. పాన్ సంఖ్య సరిగా ఇచ్చి రసీదు దాచుకోవాలి.

ఒడ్డు వదలగానే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. ఓడలోని ఉపగ్రహ సంకేతం దానంతటదే అందుకుని వేల రూపాయల బిల్లు వేస్తుంది.

ఏజెంటుకు సొమ్ము కట్టేముందు నౌకా సంస్థ ఇచ్చిన బుకింగు సంఖ్యను అడిగి, సంస్థ వెబ్‌సైట్లో స్వయంగా చూడాలి. చీటీ కాగితంపై రాసిచ్చిన రసీదు చెల్లదు. సంస్థలే మూతపడిన ఉదంతాలూ ఉన్నాయి. ముంబయి నుంచి 2019లో ఓడ నడపడం మొదలుపెట్టిన జలేష్ క్రూయిజెస్ 2020లో మూతపడింది. డ్రీమ్ క్రూయిజెస్ యజమాని జెంటింగ్ హాంకాంగ్ 2022 జనవరిలో దివాలా బాట పట్టింది. క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే సొమ్ము తిరిగి కోరే దారి కొంతైనా ఉంటుంది.

ఓడలో మొదటి గంట

ఎక్కగానే తిండికి, ఫొటోలకు పరుగెత్తుతారు. అంతకుముందు ఒక పని ఉంది. ప్రమాదం జరిగితే ఏ అంతస్తులో, ఏ పడవ వద్ద చేరాలో నేర్పే అభ్యాసానికి ప్రతి ఒక్కరూ హాజరు కావాలి. 2012 జనవరి 13న కోస్టా కాంకార్డియా నౌక ఇటలీ తీరంలో రాతిని ఢీకొని ఒరిగిపోగా 32 మంది మరణించారు. ఆ రోజే ఎక్కిన వందల మందికి అప్పటికి అభ్యాసం జరగలేదు. అప్పట్లో 24 గంటల లోపు చేయిస్తే సరిపోయేది. ఆ దుర్ఘటన తర్వాత అంతర్జాతీయ నిబంధన మార్చి, ఓడ బయలుదేరే లోపు లేదా బయలుదేరిన వెంటనే చేయించాలన్నారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత వినిపిస్తే అది ప్రమాద సూచన. భాష రాని పెద్దలకు పిల్లలు ఈ ఒక్క మాటైనా తెలుగులో వివరించాలి.

మధ్య రేవుల్లో దిగినప్పుడు గడియారం సంగతి మరువరాదు. సింగపూరు కాలం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఓడ కాలం, ఒడ్డు కాలం ఒకటి కాకపోవచ్చు. తిరిగి ఎక్కే వేళను ఓడ కాలం ప్రకారమే లెక్కించాలి. చాలా ఓడలు కదలడానికి అరగంట, గంట ముందే మెట్లు ఎత్తేస్తాయి. సొంతంగా టాక్సీలో తిరిగి ఆలస్యమైనవారు తర్వాతి రేవుకు తమ ఖర్చుతోనే చేరుకోవాలి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు సిబ్బంది వద్దే ఉంటాయి. అందుచేత పాస్‌పోర్టు, వీసా నకళ్లు రెండు జతలు జేబులో ఉండాలి. ఓడ పేరు, రేవు ఏజెంటు ఫోను సంఖ్య రాసిన చీటీని పెద్దల జేబులోనూ పెట్టాలి.

చివరిమాట నగల గురించి. పెళ్లికి వెళ్లినట్లు ఒంటినిండా బంగారంతో బయలుదేరే స్త్రీలు వెళ్లేటప్పుడే విమానాశ్రయంలోనో, రేవులోనో కస్టమ్స్ అధికారులకు చూపి ధ్రువపత్రం తీసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు అవి విదేశంలో కొన్నవి కావని చెప్పుకోవడానికి ఆ కాగితమే ఆధారం. తూకంతో కూడిన నగల దుకాణం రసీదులు, ఫొటోలు వెంట ఉంటే పని త్వరగా అవుతుంది. దీనికి పట్టే సమయాన్ని కూడా కలుపుకొని ఇంటి నుంచి బయలుదేరాలి.